హైతీ ప్రజలు - వారి భాష

కరీబియన్ సముద్రమున క్యూబాకు తూర్పుగా హిస్పానియోలా అను పెద్ద ద్వీపము కలదు. దాని పడమటి భాగమున నెలకొన్న దేశమే హైతీ. ఆ పేరునకు ‘ఎత్తైన కొండల నేల’ అని అర్థము. అది ఆ ద్వీపపు ఆదివాసులైన టైనోలు పెట్టిన పేరు. 1492లో కొలంబసు అచట అడుగిడిన పిమ్మట కొన్ని దశాబ్దములలోనే వెట్టిచాకిరివలనను, మశూచి మొదలగు క్రొత్త రోగములవలనను ఆ జాతి మిక్కిలి క్షీణించెను.

1697లో ఈ పడమటి భాగము ఫ్రెంచివారి వశమయ్యెను. చెరకు, కాఫీ తోటలలో పనిచేయించుటకై వారు ఆఫ్రికానుండి లక్షలాది జనులను ఓడలలో బంధించి తెచ్చిరి. 1789 నాటికి అచటి బానిసల సంఖ్య సుమారు 5 లక్షలు. వారందరును ఒక్క జాతివారు కారు. ఒక్క భాష మాటలాడువారును కారు. ప్రక్కప్రక్కన నిలిచి చెరకు నరకువారికే ఒకరి పలుకు మరొకరికి తెలియకుండెను. అట్టివారి నడుమ, దొరల ఫ్రెంచి పదములను కైకొని, ఆఫ్రికా భాషల పోకడలను కలుపుకొని, క్రమముగా ఒక క్రొత్త భాష పుట్టెను. అదియే క్రెయోల్.

దానిని చెడిపోయిన ఫ్రెంచి అని పలువురు చులకన చేసిరి. అది సరికాదు. ఫ్రెంచి భాషలో కర్తనుబట్టి క్రియారూపము మారును. క్రెయోలులో ‘మాంజే’ అనగా తినుట. తినువారెవరైనను ఆ పదము మారదు. దానికి ముందు ‘ఆప్’ అని చేర్చినచో పని జరుగుచున్నదనియు, ‘తే’ అని చేర్చినచో జరిగిపోయినదనియు తెలియును. దాని వ్యాకరణము దానికి కలదు.

1791 ఆగస్టులో బానిసలు తిరుగబడిరి. వారి నాయకుడైన తుసేం లూవెర్త్యూరును ఫ్రెంచివారు 1802లో బంధించి తమ దేశమునకు గొనిపోయిరి. మరుసటి యేడు ఆయన చెరలోనే మరణించెను. అయినను పోరు ఆగలేదు. 1804 జనవరి 1వ తేదీన దెసలీన్ స్వాతంత్ర్యమును ప్రకటించెను. క్రొత్త దేశమునకు దొరలు పెట్టిన పేరు విడిచి, టైనోల నాటి పేరునే మరల పెట్టిరి.

కాని ఆ ప్రకటన ఫ్రెంచి భాషలోనే వ్రాయబడెను. కచేరీలును, న్యాయస్థానములును, పాఠశాలలును ఆ భాషలోనే నడిచెను. ఇంట క్రెయోలు మాటలాడు బాలుడు బడిలో అర్థము తెలియని పాఠములను వల్లెవేయవలసి వచ్చెను. 1979లో ప్రభుత్వము క్రెయోలును బడులలో ప్రవేశపెట్టుటకు ఉత్తరువు చేసెను. 1987 నాటి రాజ్యాంగము హైతీయులందరిని కలుపు భాష అదియే యని పేర్కొని, ఫ్రెంచితో సమముగా అధికార భాషను గావించెను. దేశ స్వాతంత్ర్యమునకును, దేశభాషకు లభించిన ఈ గౌరవమునకును నడుమ 183 సంవత్సరములు గడచెను.

ప్రతి సంవత్సరము జనవరి 1న హైతీయులు ఇంటింట గుమ్మడికాయతో చేసిన చారు త్రాగుదురు. పూర్వము బానిసలు దానిని దొరలకొరకు వండెడివారే కాని, తాము రుచి చూచుటకు వీలులేకుండెనని పెద్దలు చెప్పుదురు. 2021లో యునెస్కో సంస్థ ఈ ఆచారమును మానవజాతి వారసత్వములలో చేర్చినది. తాము వండిన చారును తామే త్రాగుట ఆ ప్రజలకు స్వాతంత్ర్యము. తాము పలుకు మాటలోనే తమ బిడ్డలు చదువుకొనుటయు అట్టిదే.