కట్టని ఓడకు ఖరీదు కట్టే కొలువు

రక్షణ రంగం అనగానే శ్రీకాకుళం కుర్రాళ్లకు ఆర్మీ ర్యాలీ, విజయనగరం పిల్లలకు కోరుకొండ సైనిక్ స్కూల్ గుర్తొస్తాయి. యూనిఫాం వేయకుండా, కాలిక్యులేటర్‌తో అదే రంగంలోకి వెళ్లే దారి ఒకటుంది. ఇంకా తయారుకాని ఆయుధానికి ఎంతవుతుందో ముందే లెక్కగట్టడం ఆ పని.

ఇది ఎంత కష్టమో విక్రాంత్ విమానవాహక నౌకే చెబుతుంది. 2003లో రూ.3,261 కోట్లకు అనుమతించారు. 2014లో సవరించిన అంచనా రూ.19,341 కోట్లు! కూడికలో తప్పు దొర్లి ఇంత తేడా రాలేదు. రష్యా నుంచి ఉక్కు అందక, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ రూపొందించిన ఉక్కును ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో తయారుచేయించాల్సి వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ ధరలూ పెరిగాయి. డ్రాయింగులు ఖరారు కాని దశలో వేసిన అంకెను నమ్మడమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం.

మరి అంచనా ఎలా వేస్తారు? డిజైన్ లేనప్పుడు పాత నౌకో క్షిపణో ఆధారం. తర్వాత బరువు, వేగం, దూరం వంటి కొలతలకూ ఖర్చుకూ ఉన్న సంబంధాన్ని గణాంకాలతో పట్టుకుంటారు. డ్రాయింగులు వచ్చాక విడిభాగాలు, పని గంటలు ఒక్కొక్కటిగా లెక్కవేస్తారు. 1936లో టి.పి.రైట్ విమానాల తయారీలో గమనించిన సూత్రం ఇప్పటికీ పనికొస్తోంది: ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ సగటు శ్రమ సుమారు 20 శాతం తగ్గుతుంది. ఒక్కటి చేయడానికి 1,000 గంటలు పడితే, నాలుగు చేసేసరికి సగటు 640. కొన్న ధరతో కథ ముగియదు, ముప్పై ఏళ్ల ఇంధనం, మరమ్మతులు, సిబ్బంది ఖర్చు కూడా కలపాలి.

మన కొనుగోలు విధానంలో ధరల కవరు విప్పకముందే సంప్రదింపుల కమిటీ తన సొంత అంచనా సిద్ధం చేసుకోవాలి. ఇక్కడే కాస్ట్ అకౌంటెంట్లు కావాలి. వారి కోర్సు సీఎంఏ. డిగ్రీ అయినవారు ఫౌండేషన్ లేకుండా అందులో నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. సీఎంఏ లేదా సీఏ సభ్యత్వం ఉంటే యూపీఎస్సీ ద్వారా ఇండియన్ కాస్ట్ అకౌంట్స్ సర్వీసుకు ప్రయత్నించవచ్చు. బీటెక్ వాళ్లు గణాంకాలు, ఎక్సెల్, పైథాన్ పట్టు సాధిస్తే ఫ్యాక్టరీల ప్లానింగ్, కొనుగోలు విభాగాల్లో పనికొస్తారు. ఇంజినీరింగ్ తెలిసిన అకౌంటెంటు, అకౌంట్స్ తెలిసిన ఇంజినీరు ఇద్దరూ అరుదే.

ఊరికి దూరం పోనక్కర్లేదు. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్, టార్పిడోలు చేసే భారత్ డైనమిక్స్ యూనిట్, నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్నాయి. షిప్‌యార్డుకు 2023 ఆగస్టులో ఐదు సహాయక నౌకల కాంట్రాక్టు సుమారు రూ.19,000 కోట్లకు దక్కింది. సాధన కోసం చిన్న ప్రాజెక్టు చేయాలనుకుంటే ఆ ఒప్పందాన్నే తీసుకోండి: ఒక్కో నౌక 44,000 టన్నులు. ఉక్కు ధర 10 శాతం పెరిగితే, డాలరు ఐదు రూపాయలు పెరిగితే మొత్తం ఎంత కదులుతుందో మీ ఊహలు రాసిపెట్టి లెక్క చూపించండి.