మనిషిని దేనికి చేశారు?



మొన్న సండే స్కూల్లో ఆరో తరగతి బాబు ఒకడు అడిగాడు: "అంకుల్, మా స్కూల్లో బబులోను వాళ్ల సృష్టి కథ చెప్పారు. అందులోనూ మొదట నీళ్లే ఉన్నాయి. మన ఆదికాండము కూడా అలాంటి కథేనా?"

మీ పిల్లలూ ఇలా అడగవచ్చు. కసరకండి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆ బబులోను కావ్యం పేరు ఎనూమా ఎలిష్. ఏడు మట్టి పలకల మీద ఉంది. నీనెవె శిథిలాల్లో దొరికిన పలకల్లోని కథను జార్జ్ స్మిత్ 1876లో ఇంగ్లీషులో ప్రచురించాడు. పోలికలున్న మాట నిజమే. అక్కడ మర్దూకు (యిర్మీయా 50:2లోని మెరోదకు ఇతడే) సముద్ర దేవత తియామతును చంపి, ఆమె దేహాన్ని రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశం చేస్తాడు. ఆదికాండములోనూ జలములు వేరుపడతాయి. కాని అక్కడ యుద్ధం లేదు, దేవుని మాట చాలు.

అసలు తేడా మనిషి దగ్గర ఉంది. బబులోను కథలో ఓడిపోయిన కింగు అనే దేవుడిని చంపి, అతని రక్తంతో మనిషిని చేస్తారు. ఎందుకు? దేవతల చాకిరీ మోయడానికి. విశ్రాంతి దేవతలది, బరువు మనిషిది.

ఆదికాండము 1:26-28 చూడండి. మనిషి దేవుని స్వరూపం. పని అప్పగించకముందే ఆశీర్వాదం పొందాడు. ఆరవ దినాన చేయబడిన అతనికి మొదటి పూర్తి దినం విశ్రాంతి దినమే. నిర్గమకాండము 20:10 ఆ విశ్రాంతిని దాసునికీ, పశువుకూ, పరదేశికీ ఇచ్చింది.

క్రీ.పూ. 586లో యెరూషలేము కూలాక యూదులు చెరపట్టబడి వెళ్లింది ఆ బబులోనుకే. అక్కడ కొత్త సంవత్సర పండుగలో ఈ కావ్యమే చదివేవారు. పరాయి దేశంలో పనివాళ్లుగా బతికే వారికి, "మీరు దేవుని స్వరూపం" అనే మాట ఎంత ఆదరణో ఆలోచించండి.

రెండేళ్ల క్రితం నా ఉద్యోగం పోయింది. వీసాకు మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంటూ, పని లేకపోతే నేనెవరిని అనుకున్నాను. నోటితో ఆదికాండము చెబుతూ, మనసులో బబులోను కథనే నమ్ముతున్నానని అప్పుడు అర్థమైంది.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 1:26 నుండి 2:3 వరకు చదవండి. మన ఇంట్లో ఏ కథ నడుస్తోందని పిల్లలనే అడగండి. జవాబు వినడానికి ల్యాప్‌టాప్ మూసి కూర్చోండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.