కెమెరా ఆపేసిన పిల్లలు

ప్రశ్న: మా ఊరి హైస్కూలు పిల్లలకు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో వ్యాసరచన నేర్పుతున్నాను. మొన్న ‘విజ్ఞానశాస్త్రం – లాభనష్టాలు’ రాయమన్నాను. ఒక్కరూ కెమెరా తెరవరు, నోరు విప్పరు. ఏం చేయను?
– ఒక టీచరు, విడవలూరు

జవాబు: ముందు కెమెరా సంగతి వదిలేయండమ్మా. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, పక్కన టీవీ మోత, వెనక మంచం మీద తాతయ్య. తన ఇల్లు పదిమంది కంట పడటం ఏ పిల్లకూ ఇష్టం ఉండదు.

మొదటి పది నిమిషాలు రాయించకండి. ‘ఇవాళ రొయ్యల గుంట కాడ ఏం జరిగింది?’ అని అడిగి వాయిస్ మెసేజ్ పంపమనండి. ఆ మాటల్నే కాగితం మీద పెట్టించండి. ‘అట్టా’, ‘ఇట్టా’ అని రాస్తే కొట్టేయకండి. పరీక్ష భాష తర్వాత నేర్పుకోవచ్చు.

అందరూ చూసే గ్రూపులో దిద్దడం మాత్రం వద్దే వద్దు. విడిగా పంపండి, అదీ ఎర్రగీతలు లేకుండా. ‘కరెంటు పోయాక నాన్న ఏం చేశాడు?’ లాంటి ప్రశ్న ముందు, తప్పు తర్వాత. అదీ ఒక్కటే: ఒత్తులో, వాక్యం విరుపో.

ఇక రాసే విషయం తమ బతుకులోదైతే ఏమవుతుందో మీ జిల్లా దూబగుంటనే చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల ఆడవాళ్లకు పాఠంలో ఎదురైంది తమ ఇళ్లలోని సారా గొడవే. ఆ చదువే వాళ్లను సారా దుకాణాల మీదికి నడిపింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. వాళ్లకే ‘విజ్ఞానశాస్త్రం – లాభనష్టాలు’ ఇచ్చుంటే రెండో రోజు తరగతికి వచ్చేవాళ్లంటారా?