భవానీ ద్వీపమున జలవిహారము: మన గ్రామములకు పాఠము

విజయవాడ చెంత, ప్రకాశం బ్యారేజికి ఎగువను, కృష్ణానది నడుమ భవానీ ద్వీపము కలదు. దీని వైశాల్యము సుమారు 133 ఎకరములు. బ్యారేజి నీటిని నిలుపుటచే ఇచ్చట నది విశాలమైన చెరువువలె కన్పట్టును. పడవలో ద్వీపమునకు బోయి, చెట్లనీడను పొద్దుపుచ్చి, నీటి ఆటలాడి మరలుట పట్టణవాసులకే గాక పల్లెలనుండి వచ్చు కుటుంబములకును వేడుక. కృష్ణను ఈదిదాటు పోటీలును విజయవాడలో జరుగుచుండుట కద్దు.

చెరువువలె కన్పట్టినను అది నదియే యని మరువరాదు. ఈతకొలనులో అడుగు కనబడును. అలసినచో పట్టుకొనుటకు గోడ యుండును. నదిలో ఈ రెండును లేవు. ఒడ్డున మోకాలిలోతు నీరు నాలుగడుగుల ఆవల నిలువులోతు కావచ్చును. ఆవలి గట్టు చూచువారికి ఉన్నదానికంటె దగ్గరగా తోచును. ఎగువను వానలు కురిసి బ్యారేజి తలుపులెత్తినచో, నిన్నటి నెమ్మది నీరు నేడు వడిగా పారును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి, ద్వీపము నీట మునిగెను.

అందుచే ఆరితేరినవారును ఒంటరిగా దిగరు. 2021 మార్చిలో హైదరాబాదు వాస్తవ్యురాలు గోలి శ్యామల గారు శ్రీలంకనుండి ధనుష్కోటివరకు పాక్ జలసంధిని ఈదిరి. ఇట్టి దూరపు ఈతలో తోడుపడవ ప్రక్కనే సాగవలెను. ప్రవాహము లాగినచో ఎదురీది అలసిపోక, వెల్లకిల తేలుచు, ఏటవాలుగా గట్టు చేరుట ఉత్తమము.

పడవ ప్రయాణమునకును జాగ్రత్త అంతే అవసరము. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారమున, ఇబ్రహీంపట్నము చెంత పవిత్ర సంగమమువద్ద యాత్రికుల పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతి లేదు. అనుమతి యున్నదా, ఎందరు ఎక్కదగును, ప్రతివారికిని లైఫ్ జాకెట్ కలదా అని ఎక్కుటకు ముందే అడుగుట మన హక్కు.

పంచాయతీ సభ్యులారా! మన ఊరి చెరువునకును, ఏటి రేవునకును ఈ పాఠమే వర్తించును. లోతైన గుంటలవద్ద హెచ్చరిక పలక నాటింపుడు. రేవున పొడవైన త్రాడును, గాలి నింపిన ట్యూబును ఎల్లప్పుడు ఉంచుడు. మునుగువానికొరకు ఈతరానివారు దుముకరాదు. ఒడ్డుననుండియే త్రాడు విసరవలెను. ఒడ్డు చేర్చినవానికి శ్వాస ఆడనిచో, కడుపు నొక్కి నీరు కక్కించుటకై కాలము వ్యర్థము చేయక, వెంటనే నోటితో ఊపిరి యూది, రొమ్ము నడుమ నొక్కుచుండవలెను. మరియొకరు 108కి ఫోను చేయవలెను. బాలబాలికలకు పెద్దల కనుసన్నలలో ఈత నేర్పించు ఏర్పాటు ప్రతి గ్రామమునను జరుగవలెను.

ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను నీటమునుక నివారణ దినముగా ప్రకటించినది. ఆనాటి పంచాయతీ సమావేశమున ఒక్క త్రాడు, ఒక్క ట్యూబు కొనుటకు తీర్మానించినను చాలును. ఒక బిడ్డ ప్రాణము దానితో నిలువవచ్చును.