నాంపల్లికి ఒక దరఖాస్తు

హైదరాబాదు నగరమున అబిడ్స్ కూడలియొద్ద జనరల్ పోస్టాఫీసు కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను నతడు పూర్వ మిచట నొక దుకాణము నడపెను. అతని పేరే ఈ పేటకు నిలిచినది. ఆదివారమున ఇచటి బాటల ప్రక్కన పాత పుస్తకములు రాశులుగా పోసి అమ్ముదురు. అబిడ్స్ నుండి నడచిపోదగిన దూరముననే నాంపల్లి. అందు ముకర్రంజాహీ రోడ్డున రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి ప్రతిభా భవన్ ఉన్నది. పెద్ద యుద్యోగములకు పరీక్షలు జరుపు ఈ కార్యాలయమునకే ఏడవ తరగతి పిల్లవాని దరఖాస్తు కూడ చేరునను సంగతి పలువు రెరుగరు.

అది దెహ్రాదూన్‌లోని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీలో ప్రవేశము కోరు దరఖాస్తు. ఈ విద్యాలయమును 1922 మార్చి 13న ఆంగ్ల యువరాజు ప్రారంభించెను. 1957లో మన సైన్యమునకు అధిపతి యైన జనరల్ తిమ్మయ్య ఇచటి విద్యార్థియే. అబిడ్స్‌కు చేరువనున్న నిజాం కళాశాలలో చదివి, 1978లో వైమానిక దళాధిపతి యైన ఇద్రిస్ హసన్ లతీఫ్ మాత్రము ఈ బాట పట్టినవాడు కాడు. నూరేండ్లు బాలురకే తెరచియుండిన ఈ కాలేజీ ద్వారము 2022లో బాలికలకును తెరువబడినది.

పరీక్ష ఏటికి రెండుమారులు జరుగును. జూన్‌లో వ్రాసినవారు మరుసటి జనవరిలోను, డిసెంబరులో వ్రాసినవారు మరుసటి జూలైలోను ఎనిమిదవ తరగతిలో చేరుదురు. గణితమునకు 200, ఆంగ్లమునకు 125, సామాన్యజ్ఞానమునకు 75 మార్కులు. అందు గట్టెక్కినవారికి 50 మార్కుల మౌఖిక పరీక్ష, పిమ్మట సైనిక వైద్యశాలలో దేహపరీక్ష. ఒక్కొక్క రాష్ట్రమునకు దక్కు స్థానములు బహు స్వల్పము. కష్టపడి చదువు పిల్లలు మనకు తక్కువ లేరు. అయినను పరీక్షగదిలో అడుగిడక మునుపే తొలగిపోవువారు కలరు. అందులకు కారణము గణితము కాదు, పుట్టినతేది.

చేరు నెల మొదటి తేదీనాటికి పదునొకండున్నర యేండ్లు నిండవలెను, పదమూడు నిండరాదు. 2024 జూలైలో చేరగోరినవారు 2011 జూలై 2వ తేదీకి ముందుగాని, 2013 జనవరి 1వ తేదీకి తరువాతగాని పుట్టియుండరాదు. లెక్కించి చూడుడు. 2011 జూలై 1న పుట్టినవాడు ఒక్క దినముచేత అనర్హుడు. వయస్సున సడలింపు ఎవరికిని లేదు.

మన పల్లెలలో చిరకాలముగా నొక అలవాటున్నది. బిడ్డను బడిలో చేర్చునాడు తల్లి "శ్రావణమాసములో, ముసురు పట్టియుండగా పుట్టినాడయ్యా" అనును. పంతులుగారు తమకు తోచిన జూన్ 1నో, జూలై 1నో రిజిస్టరులో వ్రాసికొందురు. వయస్సు చాలదని పిల్లవానిని త్రిప్పి పంపుట కిష్టములేక కొన్ని నెలలు ముందునకు జరుపుటయు కలదు. ఆ శ్రావణమున పుట్టిన బిడ్డ నిజమునకు అర్హుడే; కాగితము వానిని కాదనును. రిజిస్టర్లతో బ్రదుకు గడపిన నాకు ఇంతకంటె కఠినమైన దయ కానరాలేదు.

కావున దరఖాస్తు వ్రాయుటకు మునుపే చేయవలసిన పని యొకటి కలదు. పురపాలక సంఘముగాని గ్రామపంచాయతీగాని యిచ్చిన జనన ధ్రువపత్రము, ఆధార్ కార్డు, బడివారిచ్చు పత్రము, ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి తేదీలను, పేరులోని అక్షరములను సరిచూచుకొనవలెను. తేడా యున్నచో దిద్దించుటకు నెలలు పట్టవచ్చును. దరఖాస్తు గడువు అంతకాల మాగదు. వయస్సు తగ్గించి క్రొత్త పత్రము పుట్టింపజూచువారును లేకపోలేదు. అది మోసము, దానిని గూర్చి ఇచట చెప్పబూనను.

ఫారమును దెహ్రాదూన్ కాలేజీవారి యొద్దనే కొనవలెను. ఇటీవలి ప్రకటనలలో దాని వెల 600 రూపాయలు. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 555. దానిపై హోలోగ్రామ్ ముద్ర యుండును; నకలు తీసిన ఫారము చెల్లదు. కొన్నచోటికే తిరిగి పంపవలెనని తలచుట సహజము. కాని తెలంగాణ పిల్లలు నింపిన దరఖాస్తును, నివాస ధ్రువపత్రము మున్నగువానితో, రెండు ప్రతులుగా నాంపల్లికే చేర్పవలెను. తపాలాలో పంపినవారు రసీదును హాల్ టికెట్ వచ్చువరకు దాచుకొనుట మేలు.

ఇది చదువుచున్న మీలో పలువురకు పదమూడు నిండియుండవచ్చును. అంతమాత్రమున చింతింప బనిలేదు. విజయనగరము చేరువ కోరుకొండలో 1962లోను, రాయలసీమలోని కలికిరిలో 2014లోను వెలసిన సైనిక పాఠశాలలున్నవి. ఇట్టి పాఠశాలలలో ఖాళీలను బట్టి తొమ్మిదవ తరగతిలోను చేర్చుకొందురు; పదమూడు మొదలు పదునైదేండ్ల లోపువా రర్హులు. ఆ పిమ్మట, ఇంటర్మీడియెట్ నాటికి, ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష కలదు. అచట ప్రమాణముగా గైకొనునది పదవ తరగతి ధ్రువపత్రముపై నున్న పుట్టినతేది. ఆ పత్రముపైకి ఆ తేది వచ్చునది బడి రిజిస్టరు నుండియే.