ఆసిలోస్కోపు లోపల జరుగు పని

మన యిండ్ల తీగెలలోని విద్యుత్తు సెకండునకు 50 పర్యాయములు ముందునకును వెనుకకును ఊగుచున్నదని పుస్తకములలో చదువుచున్నాము. కాని దీపము నిలుకడగా వెలుగుచున్నట్లే తోచును. వోల్టుమీటరు ముల్లు అంత త్వరగా ఊగజాలదు. దానికి బరువున్నది గదా! బరువు లేదనదగినంత తేలికయైన ముల్లు దొరకినయెడల ఆ ఊపును కన్నులార చూడవచ్చును. అట్టి ముల్లే ఎలక్ట్రానుల ధార. 1897వ సంవత్సరమున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు స్ట్రాస్‌బర్గు నగరమున నిర్మించిన గాజునాళము ఈ యంత్రమునకు మూలము. మా ప్రయోగశాలలో నున్నది అట్టి నాళము గల పాతయంత్రమే. లోపలి పని చక్కగా బోధపడునది దానియందే.

నాళపు సన్నని కొనయందు ఒక చిన్న లోహపుగొట్టము ఎఱ్ఱగా కాగి ఎలక్ట్రానులను వెదజల్లును. దాని ముందు ఋణవిద్యుత్తు గల జాలకమొకటి యున్నది. మనము వెలుగు మీటను త్రిప్పినపుడు ఎన్ని ఎలక్ట్రానులను పోనీయవలెనో నిర్ణయించునది ఇదియే. పిమ్మట ధనధ్రువములు ఆ ధారను సన్నగా కూర్చి ముందునకు లాగును. రెండువేల వోల్టుల బలముతో లాగినచో ఎలక్ట్రాను వేగము సెకండునకు సుమారు 26,000 కిలోమీటర్లగును. అది రెండు జతల రేకుల నడుమనుండి పోయి, రసాయనపు పూతగల తెరను తాకి, పచ్చని చుక్కగా వెలుగును. ఒక జత రేకులు చుక్కను పైకి క్రిందికి, రెండవ జత ప్రక్కలకు త్రోయును.

చుక్కను పైకి క్రిందికి మాత్రమే త్రోసినచో నిలువుగీత తప్ప మఱేమియు కనబడదు. ఒక బాలుడు బలపమును పలకపై పైకి క్రిందికి ఆడించుచుండగా, వేఱొకడు పలకను ప్రక్కకు సమముగా లాగినయెడల అల యేర్పడును గదా. ఈ లాగు పనిని టైంబేసు అను భాగము చేయును. అందొక కెపాసిటరులోనికి ఎల్లప్పుడు ఒకే ప్రమాణముగల విద్యుత్తును పంపుదురు. కుళాయి క్రింది డబ్బాలో నీటిమట్టము పెరుగునట్లు దాని వోల్టేజి సమముగా పెరిగి, చుక్కను ఎడమనుండి కుడికి నడపును. కొన చేరగానే కెపాసిటరు తటాలున ఖాళీయగును. చుక్క ఎడమకు మరలును. మరలునపుడు గీత పడకుండ జాలకము ధారను ఆపివేయును. ఇంటి విద్యుత్తు అల ఒకటి 20 మిల్లీసెకండులు పట్టును. తెరపై అడ్డముగా పది గళ్లున్నవి. గడికి 2 మిల్లీసెకండులు పెట్టినచో సరిగా ఒక్క అల తెరనిండ నిలుచును.

నిలుచునంటిని గాని, ఊరక నిలువదు. పలకను మరల మరల లాగునపుడెల్ల అల ఒకే చోట మొదలు కాకున్న గీతలు ఒకదానిపైనొకటి పడి గందరగోళమగును. తిరునాళ్లలో రంగులరాట్నమును ఫోటో తీయువాడు తెల్లగుఱ్ఱము తన యెదుటికి వచ్చినపుడు మాత్రమే మీట నొక్కెనేని, ఎన్ని ఫోటోలైనను ఒక్కతీరుగ నుండును. ట్రిగ్గరు అను భాగము చేయునదియు నింతే. వోల్టేజి మనము కోరిన మట్టమును పైకి దాటు క్షణమున అది టైంబేసునకు ఆజ్ఞ యిచ్చును. ఈ యంత్రమున అన్నిటికంటె తెలివిగల భాగమిదియే యని నా యభిప్రాయము. 1947లో అమెరికాలోని టెక్ట్రానిక్స్ సంస్థ విడుదల చేసిన 511 అను యంత్రమున ఇట్టి యేర్పాటుండెను.

ఇక వోల్టేజి లోనికి వచ్చు మార్గము. స్వల్పమైనదానిని పెంచుటకు ఆంప్లిఫయరును, అధికమైనదానిని తగ్గించుటకు నిరోధకములును గలవు. కొలుచు చోట విద్యుత్తును ఎక్కువగ లాగుకొనకుండ ద్వారమున పదిలక్షల ఓములుండును. ప్రోబు కొనయందు మఱి తొంబదిలక్షలు చేర్చుదురు. అందుచే పదియవ వంతు మాత్రమే లోనికి పోవును. కాని తీగెకును, ద్వారమునకును కొంచెము కెపాసిటీ యుండుటచే, త్వరితమైన మార్పులు మొద్దుబారును. దానిని సరిదిద్దుటకు ప్రోబునందొక చిన్న మరయున్నది.

ఈ మర నెఱుగక మా విద్యార్థి యొకడు మిక్కిలి కష్టపడినాడు. తాను చేసిన ఆంప్లిఫయరులోనికి చదరపు అలను పంపగా, తెరపై మూలలు గుండ్రముగా కనబడెను. తప్పు తనదేయని రెండుమార్లు అతుకులన్నియు విప్పి మరల అతికెను. మూడవమారు విప్పబోవుచుండగా, ప్రోబును యంత్రపు ముందుభాగముననే యుండు పరీక్షాస్థానమునకు తాకింపుమంటిని. అచట సెకండునకు వేయి చదరపు అలలు వచ్చుచుండును. అవియు గుండ్రముగనే కనబడెను! మరను కొంచెము త్రిప్పగానే మూలలు పదునెక్కినవి. బాలుని ఆంప్లిఫయరు మొదటినుండియు నిర్దోషమైనదే.

నేటి డిజిటల్ యంత్రములలో గాజునాళము లేదు. వోల్టేజిని సెకండునకు కోట్లకొలది పర్యాయములు కొలిచి, ఆ యంకెలను జ్ఞాపకభాగమున నిలిపి, బొమ్మ గీయుదురు. సాధారణముగ ఒక్కొక్క కొలతకు 256 మెట్లుండును. ప్రోబు మరయు, ట్రిగ్గరును అందును గలవు. పైగా యంకెలు ఎడతెగక నిండుచుండుటచే, ట్రిగ్గరునకు ముందు జరిగినదియు చూడగలము. పాతయంత్రమునకు ఇది అలవిగాని పని.

ప్రయోగము చేయగోరు బాలబాలికలు ఇది గమనింపవలెను. పాతయంత్రమును ఆపిన తరువాతను కెపాసిటరులలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండును, మూత తీయరాదు. ప్రోబు ప్రక్కనుండు నేలతీగె యంత్రపు పెట్టెద్వారా భూమికి కలిసియుండును. దానిని గోడలోని విద్యుత్తునకు తగిలించినచో నిప్పులు చెదరును, ప్రాణమే పోవచ్చును. ఇంటి విద్యుత్తు అలను ఉపాధ్యాయుని యెదుట, 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు ద్వారా మాత్రమే చూడవలెను. అపుడు అల శిఖరము 6 వోల్టులకు గాక సుమారు ఎనిమిదిన్నర వోల్టులకు లేచును. అది యేల యట్లగునో ముందుగ లెక్కవేసికొని రండు.