పాట చూపిన బాట

ఉద్దేశం

ఒక గ్రామఫోను రికార్డు సంగీతకారుని జీవితాన్ని ఎట్లా మలుపు త్రిప్పిందో, శ్రద్ధగా వినడం విద్యకు ఎట్లా పునాది అయిందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ప్రసిద్ధ హిందూస్థానీ గాయకుడు పండిత్ భీమ్‌సేన్ జోషి జీవితం ఇందులోని ప్రధాన విషయం.

పాఠం

అనేక విషయాలు తెలిసిన పండితుని మన పూర్వులు 'బహుశ్రుతుడు' అన్నారు. ఎక్కువగా విన్నవాడు అని ఆ మాటకు అర్థం. వేదానికి 'శ్రుతి' అని పేరు. గాయకుడు ఆధారంగా నిలుపుకొనే నాదానికీ శ్రుతి అనే పేరు. చదువైనా సంగీతమైనా చెవితోనే మొదలవుతుందన్న ఎరుక ఈ మాటలలో ఇమిడి ఉన్నది.

అయితే మంచి సంగీతం వినే భాగ్యం ఒకప్పుడు కొద్దిమందికే దక్కేది. గాయకుడు పాడుతున్నంతసేపే పాట ఉండేది. రాజాస్థానంలోనో, దేవాలయంలోనో, ధనికుల ఇంటిలోనో జరిగే కచేరీకి వెళ్ళగలిగినవారే దానిని వినేవారు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఈ స్థితి మారింది. 1902లో లండన్‌లోని గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైన వారి గానాన్ని రికార్డు చేశాడు. పాట చివర గౌహర్ జాన్ తన పేరు తానే చెప్పుకొనేది. ముఖం కనిపించని చోట గొంతు ఎవరిదో వినేవారికి తెలియాలి కదా!

ఆ కాలపు రికార్డులు లక్క కలిసిన పదార్థంతో తయారయ్యేవి. వాటిని మనవారు 'గ్రామఫోను ప్లేట్లు' అని పిలిచేవారు. పెట్టెకు కీ ఇచ్చి ప్లేటు పెడితే, అది నిమిషానికి 78 చుట్లు తిరిగేది. దానిమీది సన్నని గాడిలో ఉక్కు ముల్లు నడిచేది. గాడిలోని మెలికలకు తగినట్లు ముల్లు కంపిస్తే, ఆ కంపనమే మళ్ళీ నాదంగా మారి వినిపించేది. పది అంగుళాల ప్లేటులో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. కచేరీలో ఒక రాగాన్ని గంటసేపు విస్తరించే గాయకుడు ఆ మూడు నిమిషాలలోనే రాగ స్వరూపాన్ని చూపవలసి వచ్చేది. కొండ అద్దంలో చిన్నదై కనిపించినట్లు, మహాగానం ఆ ప్లేటులో చిన్నదై ఒదిగేది. చిన్నదైనా అది కొండే. ఆ సంగతి గ్రహించిన ఒక బాలుని కథ భారతీయ సంగీత చరిత్రలో ప్రసిద్ధమైనది.

భీమ్‌సేన్ జోషి 1922 ఫిబ్రవరి 4వ తేదీన జన్మించాడు. నేటి కర్ణాటక రాష్ట్రంలోని గదగ్ ప్రాంతంలో ఆయన బాల్యం గడిచింది. తండ్రి గురురాజ్ జోషి ఉపాధ్యాయుడు. పదహారుగురు సంతానంలో భీమ్‌సేన్ పెద్దవాడు. పసితనం నుండి ఆ పిల్లవానికి నాదం మీద అంతులేని మక్కువ. వీధిలో భజన బృందం వెళ్ళినా, మేళతాళాలతో ఊరేగింపు సాగినా వెంట నడిచిపోయేవాడు. అలసిపోయిన చోటనే నిద్రపోయేవాడు. ఎక్కడని వెదకగలరు? చివరకు తండ్రి ఒక ఉపాయం ఆలోచించాడు. 'జోషి మాస్టారి అబ్బాయి' అని కొడుకు చొక్కాల మీద వ్రాయించాడు. నిద్రపోతున్న పిల్లవానిని చూసినవారు ఆ వ్రాత చదివి ఇంటికి చేర్చేవారు.

ఆ రోజులలోనే ఒక గ్రామఫోను రికార్డు ఆ బాలుని చెవిని పడింది. అందులో పాడినవాడు ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్. పాడినది ఝింఝోటీ రాగంలో ఒక ఠుమ్రీ. ఠుమ్రీ అంటే భావానికి ప్రాధాన్యమిచ్చే లలితమైన గేయం. సన్నని, తియ్యని ఆ కంఠంలో ఒక్కొక్క స్వరం వెలిగించిన దీపంలా నిలిచేది. ఇటువంటి పాట తానూ పాడాలని ఆ బాలునికి అనిపించింది. దుకాణాలలో మ్రోగే రికార్డులను దారిన పోయేవారు ఎందరో వినేవారు. విని ఆనందించి తమ పనుల మీద వెళ్ళిపోయేవారు. ఈ బాలుడు మాత్రం ఆ నాదాన్ని మనస్సులోనుండి తొలగించుకొనలేకపోయాడు.

రికార్డు ఒక కోరికను కలిగించగలదు. అది తీరే మార్గాన్ని చెప్పలేదు. ప్లేటును మళ్ళీ మళ్ళీ తిప్పితే అదే పాట వస్తుంది. 'ఈ స్వరం ఇక్కడ ఎందుకు నిలిచింది? ఊపిరి ఎక్కడ పట్టాలి?' అని అడిగితే బదులు రాదు. అందుకు గురువు కావాలి. గురువును వెదకుతూ 1933లో, పదకొండేళ్ళ వయస్సులో, భీమ్‌సేన్ ఇల్లు విడిచిపెట్టాడు.

చేతిలో డబ్బు లేదు. రైలులో తోటి ప్రయాణికులు చేసిన సహాయంతో ధార్వాడకు, అక్కడినుండి పుణేకు చేరుకొన్నాడు. తరువాత గ్వాలియర్ వెళ్ళాడు. సరోద్ విద్వాంసుడు హాఫిజ్ అలీ ఖాన్ సహాయంతో అక్కడి మాధవ సంగీత పాఠశాలలో ప్రవేశం దొరికింది. అయినా మనస్సు కుదుటపడలేదు. ఢిల్లీ, కలకత్తా, లక్నో, రాంపూర్ నగరాలు తిరిగాడు. దాదాపు మూడేళ్ళు ఈ సంచారం సాగింది. ఇంటివద్ద తల్లిదండ్రుల ఆవేదన ఎటువంటిదో ఊహించవచ్చు. చొక్కామీద పేరు వ్రాసినంత మాత్రాన దేశమంత దూరం పోయిన కొడుకు తిరిగి రాడు కదా! చివరకు తండ్రి పంజాబులోని జలంధర్‌లో కుమారుని ఆచూకీ తెలుసుకొని ఇంటికి తీసుకొని వచ్చాడు.

జలంధర్‌లో ఉన్నప్పుడే ఆ బాలునికి ఒక మేలు జరిగింది. అక్కడి సంగీతోత్సవానికి వచ్చిన పండిత్ వినాయకరావు పట్వర్ధన్ అతని వృత్తాంతం విన్నాడు. గురువు కోసం ఇంత దూరం రావడం దేనికి, మీ ప్రాంతంలోనే సవాయి గంధర్వ ఉన్నాడు కదా అని హితవు చెప్పాడు. సవాయి గంధర్వ అసలు పేరు రాంభావు కుందగోళ్‌కర్. ఆయన ఊరు కుందగోళ. అది గదగ్‌కు ఎంతో దూరం కాదు. అంతకంటె విశేషమైన సంగతి మరొకటి ఉన్నది. సవాయి గంధర్వ ఎవరో కాదు, గ్రామఫోను రికార్డులో వినిపించిన అబ్దుల్ కరీం ఖాన్‌కు స్వయంగా శిష్యుడు! ఉత్తర భారతమంతా వెదకిన నాదానికి వారసుడు ఇంటి ముంగిట ఉన్నాడు. పెన్నిధిని పెరటిలో ఉంచుకొని ఊళ్ళు తిరిగినట్లయింది. అయితే ఆ తిరుగుడు వ్యర్థం కాలేదు. ఎన్నో గానరీతులు వినడం వల్ల, తనకు కావలసినది ఏదో ఆ బాలునికి స్పష్టంగా తెలిసింది.

1936లో సవాయి గంధర్వ భీమ్‌సేన్‌ను శిష్యునిగా స్వీకరించాడు. విద్య వెంటనే ప్రారంభం కాలేదు. పూర్వ సంప్రదాయం ప్రకారం గురుశుశ్రూష ముందు నడిచింది. ఇంటికి కావలసిన నీళ్ళు దూరం నుండి మోసుకొని రావడం వంటి పనులన్నీ ఆ శిష్యుడు చేశాడు. పాఠం మొదలైన తరువాత కూడ గురువు పదుల కొద్దీ రాగాలు నేర్పలేదు. ప్రధానంగా తోడి, ముల్తానీ, పూరియా రాగాల మీదనే సాధన చేయించాడు. తోడి ఉదయం పాడే రాగం. ముల్తానీ అపరాహ్ణానికి, పూరియా సాయం సంధ్యకు చెందినవి. ఈ మూడింటిని లోతుగా తెలుసుకొంటే, తక్కిన రాగాలను పట్టుకొనే శక్తి దానంతట అదే అలవడుతుంది.

ఇక్కడ మహాభారతంలోని ఏకలవ్యుడు గుర్తుకు రాక మానడు. ద్రోణుడు విద్య నేర్పడానికి అంగీకరించకపోతే, ఏకలవ్యుడు మట్టితో గురువు ప్రతిమ చేసుకొని దాని ఎదుట సాధన చేశాడు. రికార్డును ఎదుట పెట్టుకొని పాడుకొనే అభ్యాసకుడు కూడ ఒక విధంగా ఏకలవ్యుడే. రికార్డు గాయకుని నాద ప్రతిమ. భీమ్‌సేన్ జోషి ఆ ప్రతిమ దగ్గరనే ఆగలేదు. దానిని గురువు ఇంటికి దారి చూపే గుర్తుగా భావించాడు. వినికిడి వల్ల కలిగిన కోరిక, గురూపదేశం వల్ల విద్యగా మారింది.

అబ్దుల్ కరీం ఖాన్, సవాయి గంధర్వ కిరానా ఘరానాకు చెందినవారు. ఘరానా అంటే గురుశిష్య పరంపరగా వచ్చే గాన సంప్రదాయం. స్వరశుద్ధి, తొందరలేని రాగ విస్తరణ ఈ ఘరానాకు ప్రాణం. భీమ్‌సేన్ జోషి ఈ గుణాలను గ్రహించాడు; కాని కరీం ఖాన్ కంఠాన్ని అనుకరించలేదు. ఆయన కంఠం సన్ననిది, మృదువైనది. జోషి కంఠం గంభీరమైనది, మేఘగర్జనను తలపించేది. ఆ కంఠానికి తగినట్లు వేగంగా సాగే స్వరధార అయిన 'తాన్'లను ఆయన ఎంతో బలంగా పాడేవాడు. కేసర్‌బాయి కేర్కర్, అమీర్ ఖాన్, బేగం అఖ్తర్ వంటి ఇతర సంప్రదాయాల వారి గానం నుండి కూడ మంచిని గ్రహించాడు. ఎన్నో పువ్వుల తేనె సేకరించిన తుమ్మెద ఏ పువ్వుగానూ మారదు. ప్రభావం వేరు, అనుకరణ వేరు అనే సత్యానికి ఆయన గానం చక్కని ఉదాహరణ.

1941లో, పందొమ్మిదేళ్ళ వయస్సులో, జోషి తొలి కచేరీ చేశాడు. 1942లో ఆయన పాడిన భక్తిగీతాలతో తొలి రికార్డు వెలువడింది. ఒక రికార్డు విని ఇల్లు విడిచిన బాలుడు, తొమ్మిదేళ్ళకు తానే రికార్డులో వినిపించాడు. కాలక్రమంలో రికార్డుల స్వరూపం కూడ మారింది. 1948లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డు వచ్చింది. అందులో ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పడుతుంది. మూడు నిమిషాలు ఇరవై నిమిషాలు కావడంతో రాగానికి కాళ్ళు చాపుకొనే చోటు దొరికింది. శుద్ధ కల్యాణ్, మియాఁ కీ తోడీ వంటి రాగాలలో జోషి గానం ఈ రికార్డుల ద్వారా దేశమంతటా వ్యాపించింది. తనకు ఒకనాడు కలిగిన అనుభవాన్ని ఆయన ఎందరో పిల్లలకు తిరిగి అందించాడు.

ఈ పరంపరకు తెలుగుతోనూ సంబంధం ఉన్నది. మైసూరు ఆస్థానంలో గౌరవం పొందిన అబ్దుల్ కరీం ఖాన్ కర్ణాటక సంగీతాన్ని అభిమానించాడు. ఖరహరప్రియ రాగంలోని ఒక త్యాగరాజ కృతిని పాడి రికార్డు ఇచ్చాడు. ఆ విధంగా కిరానా గాయకుని కంఠంలో తెలుగు పలుకు వినిపించింది. తరువాతి కాలంలో భీమ్‌సేన్ జోషి, తెలుగువారు గర్వించే మంగళంపల్లి బాలమురళీకృష్ణతో కలిసి జుగల్‌బందీ కచేరీలు చేశాడు. ఒకే వేదిక మీద రెండు సంగీత సంప్రదాయాలు పరస్పరం పలకరించుకొన్నాయి. 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన జాతీయ సమైక్యతా గీతంలో కూడ ఈ ఇద్దరి కంఠాలూ వినిపిస్తాయి.

సవాయి గంధర్వ 1952లో మరణించాడు. మరుసటి సంవత్సరమే పుణేలో ఆయన పేరుతో సంగీతోత్సవం ప్రారంభమయింది. దానిని దశాబ్దాల పాటు జోషి స్వయంగా నడిపించాడు. నీళ్ళు మోసి చేసిన గురుశుశ్రూషకు ఇది కొనసాగింపు. భారత ప్రభుత్వం 2008లో ఆయనకు 'భారతరత్న' ప్రకటించింది. 2011 జనవరి 24వ తేదీన ఆయన పుణేలో కన్నుమూశాడు.

నేటి విద్యార్థికి గ్రామఫోను పెట్టెతో పనిలేదు. కీ ఇవ్వనక్కరలేదు, ముల్లు మార్చనక్కరలేదు. అరచేతిలోని ఫోనులో లక్షల పాటలు సిద్ధంగా ఉన్నాయి. ఒక పాట పూర్తి కాకముందే వేలు మరొక పాట మీదికి పోతుంది. పాటలు పెరిగాయి, ఒక్క పాటను మనస్సులో నిలుపుకొనే ఓపిక తగ్గింది. బహుశ్రుతుడు కావడానికి ఎక్కువ పాటలు చెవిని పడడం చాలదు, విన్నదానిని విడువకుండా పట్టుకోవాలి. భీమ్‌సేన్ జోషికి బాల్యంలో లభించినది మూడు నిమిషాల గానమే. ఆ మూడు నిమిషాలను ఆయన జీవితమంతా విన్నాడు.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులకు మించకుండా సమాధానాలు వ్రాయండి.
1. గురువు కోసం భీమ్‌సేన్ జోషి చేసిన అన్వేషణను వివరించండి.
2. "ప్రభావం వేరు, అనుకరణ వేరు" అనే విషయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. 'బహుశ్రుతుడు' అనే మాటను వివరించండి.
2. రికార్డును 'నాద ప్రతిమ' అనడంలోని ఔచిత్యం ఏమిటి?
3. సవాయి గంధర్వ కొద్ది రాగాల మీదనే సాధన చేయించడం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?

ఇ) క్రింది పదాలను విడదీసి సంధి పేరు పేర్కొనండి.
గురూపదేశం, రాజాస్థానం, సంగీతోత్సవం

ఈ) క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాసి, సమాసాల పేర్లు తెలపండి.
తల్లిదండ్రులు, గురుశుశ్రూష, మూడు నిమిషాలు

ఉ) మీకు ఇష్టమైన ఒక పాటను వరుసగా ఏడు రోజులు వినండి. మొదటి రోజు గమనించనిది ఏడవ రోజున ఏమి గమనించారో పది వాక్యాలలో వ్రాయండి.